ఇంట్లోనే పురుడు పోసుకుంటానంటే డాక్టర్లు వద్దంటున్నారు

పాలకొల్లు అమ్మాయి, లింకన్‌షైర్ నుంచి:

అందరికీ నమస్కారం. మేము ఇంగ్లండ్ వచ్చి తొమ్మిది నెలలే అయింది. ఏ సంగతి ఎవరిని అడగాలో ఇంకా తెలియదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. మా ఊరు పాలకొల్లుకు దగ్గర. ఇక్కడా చుట్టూ చదునైన పొలాలు, నిటారుగా పోయే కాలువలు. కొబ్బరిచెట్లు లేవుగానీ గట్టు మీద నడుస్తుంటే మన ఊళ్లో ఉన్నట్టే ఉంటుంది.

నాకిప్పుడు 26వ వారం, రెండో కాన్పు. పెద్దపాప మూడేళ్ల క్రితం మా వైపే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పుట్టింది. నొప్పులు రాలేదు, వచ్చేదాకా ఆగనూ లేదు. మంచి ముహూర్తం ఉందని మామగారు కాగితం రాయించి తెచ్చారు. డాక్టరుగారు ఆ కాగితం చూసి, ఉదయం 9.12కు ఆపరేషన్ పెట్టారు. పాపను నా పక్కలోకి ఇచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ నాలుగైదు గంటలూ పైకప్పు మీది లైటు చూస్తూ పడుకున్నాను. ఇప్పటికీ ఆ లైటు కలలోకి వస్తుంది.

ఇక్కడ మిడ్‌వైఫ్‌లు ఇంటికే వచ్చి పురుడు పోస్తారని తెలిసి ప్రాణం లేచొచ్చింది. కన్సల్టెంట్ డాక్టరు మాత్రం మీకు పాత కోత ఉంది, ఇంట్లో వద్దు అని ఉత్తరం రాశారు. మా నాయనమ్మ గోదావరి లంకలో ఏడుగురిని ఇంట్లోనే కన్నది. ఆ రోజుల్లో ఆవిడకు కుదిరింది ఇన్ని సౌకర్యాలున్న దేశంలో నాకెందుకు కుదరదు? ఆసుపత్రి మా ఇంటికి కారులో 35 నిమిషాలు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. దయచేసి భయపెట్టకండి.

అమలాపురం అక్కయ్య, లెస్టర్ నుంచి:

అమ్మాయీ, భయపెట్టను. అలాగని బుజ్జగించనూ లేను.

నేను పన్నెండేళ్లుగా ఇక్కడి ఆసుపత్రుల్లో తెలుగు ఆడవాళ్లకు దుబాసీగా కూర్చుంటున్నాను. డాక్టరు ఏం చెప్పినా మనవాళ్లు "సరే, సరే" అని తల ఊపుతారు. బయటికొచ్చాక నడవలో నా చెయ్యి పట్టుకుని ఏడుస్తారు. నువ్వు తల ఊపకుండా ఇక్కడికొచ్చి అడిగావు, అది నాకు నచ్చింది.

ముందు హక్కు సంగతి. ఇక్కడ ఎక్కడ కనాలన్నది తల్లి ఇష్టం. కన్సల్టెంట్ "వద్దు" అన్నది సలహా మాత్రమే, ఉత్తర్వు కాదు. నువ్వు ఇంట్లోనే అని గట్టిగా నిలబడితే, సాధారణంగా మిడ్‌వైఫ్‌లను పంపే ఏర్పాటు చేస్తారు. అయితే ఆ రాత్రి సిబ్బంది చాలకపోతే ఆసుపత్రికే రమ్మనవచ్చు, దానికీ సిద్ధపడి ఉండాలి. ఇంకొకటి, ఊరి నుంచి మీ అమ్మగారినో అనుభవమున్న పెద్దమ్మనో పిలిపించి వాళ్ల చేత పురుడు పోయించుకుందామన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. అత్యవసరమైతే తప్ప, నమోదైన మిడ్‌వైఫ్ లేదా డాక్టరు కానివాళ్లు ఆ పని చేయడం ఇక్కడ చట్టరీత్యా నేరం. అమ్మ పక్కన కూర్చుని నడుము రాయవచ్చు, అంతే.

ఇక కోత సంగతి. సిజేరియన్ తర్వాత మామూలు కాన్పుకు ప్రయత్నించేవాళ్లలో నూటికి 72 నుంచి 75 మందికి అది కుదురుతుందని ఇక్కడి ప్రసూతి డాక్టర్ల రాయల్ కాలేజీ మార్గదర్శకం చెబుతుంది. అదే కాగితంలో రెండో అంకె కూడా ఉంది. సుమారు 200 మందిలో ఒకరికి నొప్పుల వేళ ఆ పాత కుట్టు దగ్గర గర్భసంచి విడిపోతుంది. 199 మందికి ఏమీ కాదు. ఆ ఒక్కరికి అయినప్పుడు మాత్రం లెక్క నిమిషాల్లో ఉంటుంది. తొలి సంకేతం చాలాసార్లు తల్లి కడుపులో నొప్పిగా రాదు, బిడ్డ గుండె చప్పుడు తగ్గడంలో కనిపిస్తుంది. ఆసుపత్రిలో దాన్ని యంత్రం ఆపకుండా వింటూ ఉంటుంది. ఇంట్లో మిడ్‌వైఫ్ చేతిలోని చిన్న పరికరంతో పావుగంటకొకసారి వింటుంది, బిడ్డ బయటికొచ్చే దశలో అయిదు నిమిషాలకొకసారి. ఆ రెండు వినడాల మధ్య ఏం జరుగుతుందోనన్నదే మీ కన్సల్టెంట్ బెంగ. ఇంట్లో కనాలన్న నీ కోరిక మీద ఆవిడకు కోపం ఉండి కాదు.

ఆసుపత్రిలోనే ఉన్న మనిషికి అత్యవసరంగా కోయాలని నిర్ణయించాక, సాధారణంగా అరగంటలోపు బిడ్డను తీయాలని ఇక్కడ లెక్క పెట్టుకుంటారు. దానికి నీ 35 నిమిషాలు కలుపు. అంబులెన్స్ మీ గుమ్మంలోకి వచ్చే సమయం కలుపు. స్ట్రెచర్ మీద నిన్ను మెట్లు దించే సమయం కలుపు.

మీ నాయనమ్మ మాట ఎత్తావు కాబట్టి మా అమ్మమ్మ సంగతీ చెబుతాను. వైనతేయ పాయలో ఒక లంక వాళ్లది. పురిటి గది అంటే వసారా చివర చిన్న గది, నులక మంచం, కుంపటి, గుమ్మానికి వేప రెబ్బలు. లంక మొత్తానికి ఒకే మంత్రసాని. మా పిన్ని పుట్టేటప్పుడు ఆవిడ అమ్మమ్మ కడుపు మీద చెయ్యి వేసి చూసి, చెయ్యి తీసేసి, "అడ్డం తిరిగింది. ఇది నా చేతిలో లేదు, రేవు దాటించండి" అంది. తాతయ్యకు ఒళ్లు మండిపోయింది. అంతకుముందు కాన్పులన్నీ ఆవిడే చేసింది మరి. శ్రావణ మాసం, నది నిండా ఎర్రనీళ్లు, పడవ అవతలి గట్టున ఉంది. లాంతరు ఊపుతూ కేకలు వేస్తూ రెండు గంటలు నిలబడ్డారట. మంత్రసాని కూడా పడవెక్కి, అమ్మమ్మ తల ఒళ్లో పెట్టుకుని అమలాపురం దాకా వెళ్లింది. పిన్నీ దక్కింది, అమ్మమ్మా దక్కింది. ఆవిడ పేరు చెబితే మా లంకలో ఇప్పటికీ దణ్ణం పెడతారు. చేసిన కాన్పులకంటే, ఆ రాత్రి చేతకాదని చెప్పినందుకే ఎక్కువ పెడతారు.

ఇప్పుడు అక్కడా కాలం మారింది. 2005లో 108 వచ్చింది, చాలా పాయల మీద వంతెనలు పడ్డాయి. గోదావరికి వరద హెచ్చరిక వస్తే నెలలు నిండినవాళ్లను ముందుగానే ఇవతలి గట్టుకు చేరుస్తారు. అవతలి గట్టుకు ఎంతసేపు పడుతుందన్నది లంకవాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు.

భీమవరం అన్నయ్య, రెడింగ్ నుంచి:

అక్కయ్యగారూ, మీరంటే గౌరవమేగానీ అమ్మాయిని కొంచెం ఎక్కువే బెదరగొట్టారు. ఇంగ్లండ్‌లో దాదాపు 64,000 మంది తల్లుల మీద పెద్ద అధ్యయనం చేసి 2011లో ప్రచురించారు. తొలిచూలు కాకుండా మలిచూలు వాళ్లకు ఇంట్లో కన్నా ఆసుపత్రిలో కన్నా బిడ్డకు ప్రమాదంలో చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. మధ్యలో ఆసుపత్రికి మారాల్సి వచ్చినవాళ్లు నూటికి 12 మందే. ఈ చెల్లెమ్మది రెండో కాన్పే కదా. డాక్టర్లు కేసులకు భయపడి అన్నిటికీ వద్దంటారు. మన ఆంధ్రలో ఏమైందో చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. అందులో ముహూర్తాలు ఎన్నో ఆ దేవుడికే తెలియాలి.

ఆచంట ఆడపడుచు, యూట్రెక్ట్ నుంచి:

నేను ఇంట్లో కన్నాను కాబట్టి నాకు మాట్లాడే అర్హత ఉందనుకుంటాను. మాది నెదర్లాండ్స్. ఇక్కడ ఇంట్లో కనడం వింత కాదు, మా పక్కింటావిడ కూడా మేడ మీద పడక గదిలోనే కన్నది.

బీమావాళ్లు ముందుగానే ఒక పెట్టె పంపిస్తారు. పరుపు మీద వేసే ప్యాడ్లు, దూది, బొడ్డుకు పెట్టే క్లిప్పు, అన్నీ అందులో ఉంటాయి. మంచం కోళ్ల కింద దిమ్మలు పెట్టి ఎత్తు చేయాలి, వచ్చే నర్సులకు నడుము పట్టకుండా. మావారు ఆ దిమ్మల కోసం సైకిలు మీద ఊరంతా తిరిగారు. నొప్పులు రాత్రి పదకొండింటికి మొదలయ్యాయి, బాబు తెల్లవారుజామున పుట్టాడు. పుట్టగానే నా గుండెల మీద పడుకోబెట్టి దుప్పటి కప్పారు. గంటసేపు ఎవరూ తీసుకోలేదు. ఆ తర్వాత వారం పైగా రోజూ ఒక నర్సు ఇంటికొచ్చి పాలు పట్టడం దగ్గర నుంచి బట్టలు ఉతకడం దాకా చూసింది. చూడటానికి వచ్చినవాళ్లకు రొట్టె బిస్కెట్ మీద పంచదార పట్టించిన సోంపు గింజలు చల్లి పెట్టాలి, ఇక్కడి ఆచారం. పాలు పడతాయట. మా అమ్మ ఫోనులో విని, "వాళ్లకూ తెలుసన్నమాట" అంది.

ఇంత చెప్పాక అసలు మాట. నా మొదటిది మామూలు కాన్పు. అంతకుముందు సిజేరియన్ అయిన నా స్నేహితురాలిని మాత్రం మా మిడ్‌వైఫే ఆసుపత్రి డాక్టర్లకు అప్పగించింది. ఇంటి పురుడును ఇంత నెత్తిన పెట్టుకునే ఈ దేశంలో కూడా పాత కోత ఉన్నవాళ్లను ఆసుపత్రికే పంపుతారు, చెల్లీ.

అమలాపురం అక్కయ్య:

తమ్ముడూ, నువ్వు చెప్పిన అధ్యయనం మంచిదే. అయితే ఆ అంకెలు ఏ చిక్కూ లేని తల్లులవి. పాత సిజేరియన్ ఉన్నవాళ్లు ఆ లెక్కలో లేరు. అదీగాక ఈ అమ్మాయికి ఇది రెండో కాన్పే అయినా, నొప్పులు పడటం ఇదే మొదటిసారి. ఆ దారిలో బిడ్డ ఇంకా నడవలేదు. పాత కోతతో ఇంట్లో మొదలుపెట్టినవాళ్లను విడిగా చూసిన అధ్యయనం ఇంకొకటి ఉంది. అందులో ఒకే కాన్పు అయి, అదీ సిజేరియనే అయినవాళ్లలో సగానికి పైగా మధ్యలో ఆసుపత్రికి మారారు. నొప్పుల మధ్య 35 నిమిషాల కారు ప్రయాణం ఎలా ఉంటుందో నేను చెప్పనక్కరలేదు.

అమ్మాయీ, నువ్వు రాసింది మళ్లీ చదివాను. ఇల్లు కావాలని నువ్వు రాసింది ఒక్క వాక్యం. ఆ గది, ఆ లైటు, పాపను ఇవ్వకపోవడం గురించి రాసింది అయిదారు. నీకు కావలసింది ఇల్లేనా, లేక ఆ ఉదయం మళ్లీ రాకపోవడమా? రెండోదైతే దానికి ఇక్కడ చాలా దారులున్నాయి. కన్సల్టెంట్ మిడ్‌వైఫ్ అని ఒకరుంటారు. మార్గదర్శకాలకు బయట కోరికలున్న తల్లులతో కూర్చుని మాట్లాడటం ఆవిడ పని. ఆవిడ అపాయింట్‌మెంట్ అడుగు. బిడ్డ గుండె వినడానికి తీగలు లేని యంత్రం ఉందా, దాన్ని కట్టుకుని లేచి తిరగవచ్చా, నీళ్ల తొట్టిలో దిగవచ్చా, లైట్లు తగ్గిస్తారా, మళ్లీ ఆపరేషనే అయితే బిడ్డను అక్కడికక్కడే నా గుండెల మీద పెడతారా, ఇవన్నీ అడుగు. "పెడతాము" అన్నవాటిని నీ నోట్స్‌లో రాయించు. మామూలు కాన్పు అయి అంతా బాగుంటే కొన్ని గంటల్లోనే ఇంటికి పంపేస్తారు. పథ్యం, వెల్లుల్లి కారం అన్నీ ఇంట్లోనే తినవచ్చు.

ఈ వారమే చేయాల్సినవి రెండు. పాత ఆసుపత్రి నుంచి డిశ్చార్జి కార్డు ఫోటో తెప్పించు. దాని మీద ఎల్.ఎస్.సి.ఎస్. అని ఉంటే గర్భసంచి కింది భాగంలో కోత అని అర్థం. నిలువు కోత అయితే నొప్పులకు ఆగడమే ప్రమాదం. పైన చర్మం మీద మచ్చ అడ్డంగా ఉంది కదా అని లోపల కూడా అలాగే ఉందనుకోకు. 20వ వారం స్కాన్‌లో మాయ ఎక్కడుందని రాశారో కూడా చూసుకో, అది పాత కుట్టు మీద కూర్చుంటే కథే వేరు. చక్కెర పరీక్ష అయిందా? మన దేశపు ఆడవాళ్లకు ఇక్కడ 24 నుంచి 28 వారాల మధ్య తప్పకుండా చేయమంటారు. మందుల చీటీలకు డబ్బు కట్టకు. గర్భిణులకు, బిడ్డ పుట్టాక ఏడాది వరకు ఉచితం, ఆ కార్డు మిడ్‌వైఫ్ ఇప్పిస్తుంది.

ఇదంతా తెలుసుకున్నాక కూడా ఇంట్లోనే అంటే, నీ ఇష్టం. నేను మళ్లీ వద్దనను. నొప్పులు మొదలైతే ఎంత రాత్రయినా నాకు ఫోను చెయ్యి.

పాలకొల్లు అమ్మాయి:

అక్కయ్యా, డిశ్చార్జి కార్డు మా తమ్ముడు పంపాడు. ఎల్.ఎస్.సి.ఎస్. అనే ఉంది. కారణం అన్న గడిలో మాత్రం ఏమీ రాయలేదు. కన్సల్టెంట్ మిడ్‌వైఫ్‌తో వచ్చే గురువారం మాట. యంత్రం సంగతి, లైటు సంగతి తెలుగులో ఒక కాగితం మీద రాసుకున్నాను. మావారు ఇంగ్లీషులో ఎక్కిస్తున్నారు.

నాయనమ్మకు ఫోను చేశాను. ఏడుగురూ ఇంట్లోనే పుట్టారని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆఖరివాడు, మా చిన్నబాబాయి, నరసాపురం ఆసుపత్రిలో పుట్టాడట. ఏం ఇబ్బంది వచ్చిందని కంగారుగా అడిగాను. "ఇబ్బందా పాడా? అక్కడైతే పది రోజులు ఎవరూ వంట చేయమనరు కదా" అంది.