కారంచేడు వాళ్ళు ఊరు వదిలి రావడం కరెక్టేనా? చుండూరుతో పోల్చి చెప్పండి

డెల్టా_కుర్రాడు:
రూమ్‌లో దీని మీద పెద్ద వాదన నడుస్తోంది, అందుకే అడుగుతున్నా. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని కమ్మ భూస్వాములు వెంటాడి చంపాక మిగిలినవాళ్ళు చీరాల వచ్చేశారు, మళ్ళీ ఊరికి పోమని విజయనగర్ కాలనీలో స్థిరపడ్డారు. చుండూరు దళితులు 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని పోగొట్టుకుని కూడా ఊళ్ళోనే నిలబడ్డారు, శవాల్ని ఊరి మధ్యలో పూడ్చారు, కోర్టునే ఊళ్ళోకి రప్పించారు. నా మటుకు చుండూరు దారే కరెక్టు. ఊరు వదిలితే చంపినోడికి ఊరు రాసిచ్చినట్టే కదా?

చీరాల_వాడ్ని:
ఎట్లా అవుద్ది తమ్ముడూ? అసలు గొడవ ఎక్కడ మొదలైందో చూడు. గేదెలకి కుడితి పెట్టిన బకెట్ మాదిగపల్లె వాళ్ళు తాగే చెరువు దగ్గర కడుగుతుంటే ఒక కుర్రాడు వద్దన్నాడు, వాడ్ని కొడుతుంటే నీళ్ళకొచ్చిన ఆడమనిషి బిందె ఎత్తి అడ్డుపడింది, అంతే, మర్నాడు పొద్దున్నే గొడ్డళ్ళు బరిసెలతో పల్లె మీద పడ్డారు. పొలం వాళ్ళది, కూలి ఇచ్చేది వాళ్ళు, పైగా అప్పటి ముఖ్యమంత్రి ఎన్టీఆర్ వియ్యంకుడి ఊరు, ఎవర్ని నమ్ముకుని వెనక్కెళ్తారు? చీరాల శిబిరంలో కూచోబట్టే రాష్ట్రం అంతా అక్కడికి కదిలొచ్చింది. బొజ్జా తారకం గారు హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవి వదిలేశారు, కత్తి పద్మారావు గారూ ఆయనా కలిసి దళిత మహాసభ పెట్టారు. చనిపోయింది మాదిగలు, ముందు నిలబడిన వీళ్ళిద్దరూ మాలలు, అది చిన్న విషయం అనుకోకు.

గుంటూరు_అమ్మాయి:
అన్నా, ఇద్దరూ ఒకటి వదిలేశారు. చుండూరు పల్లెలో చదువుకున్నోళ్ళు, రైల్వే ఉద్యోగాలు చేసేవాళ్ళు ఉన్నారు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ తర్వాత రెడ్లు పనులకి పిలవకుండా వెలేసినా లొంగలేదంటే చాలావరకు ఆ జీతాల వల్లే. అయినా వాళ్ళు కూడా ముందు తెనాలి శిబిరానికే పోయారు, తర్వాత తిరిగొచ్చారు. కారంచేడులో ఆ జీతం ఎక్కడిది? తినే అన్నం ఎవరి చేతిలో ఉందో చూడకుండా వీళ్ళు ధైర్యవంతులు వాళ్ళు పారిపోయారు అనడం నాకు బాధగా ఉంది.

డెల్టా_కుర్రాడు:
పారిపోయారు అనలేదక్కా. కానీ ఊళ్ళో పట్టుబట్టి కూచోబట్టే కదా చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది?

చీరాల_వాడ్ని:
వేసింది, 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. మనుషుల్ని నరికి గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేసిన కేసు అది! కారంచేడుకి సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది, ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ళు, అదీ 23 ఏళ్ళకి. శిక్షలు చూసి ఏ దారి గెలిచిందో తేల్చలేం. 1989లో ఎస్సీ, ఎస్టీల మీద దాడుల్ని శిక్షించే అట్రాసిటీ చట్టం వచ్చిందంటే దాని వెనక కారంచేడు ఒత్తిడి కూడా ఉంది, చుండూరు వాళ్ళు ఆ చట్టం కిందే కొట్లాడారు. ముందు వీళ్ళు రోడ్డెక్కకపోతే వాళ్ళకి ఆ ఆధారం ఉండేది కాదు.

డెల్టా_కుర్రాడు:
చట్టం సంగతి ఒప్పుకుంటా. కానీ చుండూరులో శవాల్ని పూడ్చిన ఆ చోటు, రక్తక్షేత్రం, ఊళ్ళోనే ఉంది, చంపిన వాళ్ళ పిల్లలు కూడా దాని ముందు నుంచే తిరగాలి. కారంచేడు భూస్వాములకి ఆ ఇబ్బంది లేకుండా పోయింది, అక్కడే నాకు మింగుడుపడట్లేదు.

గుంటూరు_అమ్మాయి:
ఆ ఇబ్బంది వాళ్ళకి పెట్టడం కోసం ఆడపిల్లల్ని వెంటేసుకుని మళ్ళీ ఆ చెరువుకే నీళ్ళకి పొమ్మంటావా?