విద్యా పథకాల మూల్యాంకనంలో పరిశోధన: ఏ దారి మేలు?

గణాంకశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, ప్రభుత్వ బడుల్లో అమలయ్యే కార్యక్రమాల ఫలితాలను లెక్కగట్టే సంస్థలో పనిచేస్తున్నాను. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన అధ్యయనంలో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ లాటరీ పద్ధతిన ఎంచిన బడుల్లో, పిల్లల మార్కుల పెరుగుదలను బట్టి ఉపాధ్యాయులకు బోనసు ఇచ్చి, మిగిలిన బడులతో పోల్చి చూడగా, రెండేళ్లకు బోనసు బడుల పిల్లలు గణితంలో 0.27 ప్రామాణిక విచలనం (మార్కులు సగటు నుంచి ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) మేర ముందున్నట్టు కనిపించింది. నాకూ అటువంటి పనే చేయాలని ఉంది.

అయితే నా చేతికి వచ్చే పథకాలు అన్ని బడుల్లో ఒకేసారి అమలవుతాయి కనుక పోల్చడానికి బడే మిగలదు. పైగా చివరి పరీక్షకు రాని పిల్లల మార్కుల గడులు పట్టికలో ఖాళీగా ఉంటాయి, వారిలో చాలామంది చదువులో వెనకబడినవారే. (సగటుతో నింపేయమనే పెద్దలూ లేకపోలేదు.) ఇలాంటి చిక్కులు విప్పడం నేర్చుకోవడానికి అర్థశాస్త్రంలో పీహెచ్‌డీ మేలా, విద్యాశాస్త్రంలోనా? ఈ రంగంలో ఉన్నవారు, ప్రవేశానికి ముందు తమకు ఏ గణితం, ఏ క్షేత్రానుభవం అక్కరకు వచ్చాయో దయచేసి తెలియజేయగలరు.