నార్త్ షోర్ ట్రైల్స్‌కి ఫ్రీరైడ్ సైకిల్: 180 ఎంఎం తీసుకోవాలా, 160 సరిపోతుందా?

బర్నబీ_కుర్రాడు

అందరికీ నమస్తే. హైదరాబాద్ నుంచి వచ్చి వాంకూవర్ పక్కన బర్నబీలో ఉంటున్నా. అక్కడ ఉన్నప్పుడు అనంతగిరి వైపు హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉండే మౌంటెన్ సైకిల్) మీద తిరిగేవాణ్ణి, ఆ బండినే డబ్బాలో ప్యాక్ చేసి తెచ్చుకున్నా. ఇక్కడ నార్త్ షోర్‌లో, అంటే వాంకూవర్‌కి ఉత్తరాన ఉన్న కొండల్లో, ఫ్రోమ్ కొండ మీద బాబ్‌స్లెడ్ లాంటి ట్రైల్ అయితే దాంతో హాయిగానే దిగుతున్నా. సెవెంత్ సీక్రెట్ ట్రైల్‌లోకి వెళ్తే మాత్రం కథ వేరు. అడుగడుక్కీ వేర్లు, వేర్ల మధ్య గుంతలు, ఎక్కడ బ్రేక్ పట్టాలో అర్థమయ్యేలోపే వెనక చక్రం ఎగిరి పక్కకి పోతుంది, కిందికి వచ్చేసరికి వేళ్ళు మడతపడవు.

అందుకని ఫుల్ సస్పెన్షన్‌కి మారదామని. బడ్జెట్ 5,000 కెనడియన్ డాలర్లు, కొంచెం అటూ ఇటూ. మనసంతా 180 ఎంఎం ట్రావెల్ (సస్పెన్షన్ కుంగే దూరం) ఉన్న ఫ్రీరైడ్ (గరుకు దిగుళ్ళకీ దూకుళ్ళకీ చేసిన) బండి మీదే ఉంది. ఇంత గరుకు ట్రైల్స్‌లో ట్రావెల్ ఎంత ఎక్కువుంటే అంత మంచిది కదా! ఆఫీసులో ఒకాయన "డబుల్ క్రౌన్ ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టే, పైన రెండు బిగింపులుండే సస్పెన్షన్) ఉన్న డౌన్‌హిల్ బండే తీసేసుకో, ఒకేసారి పనైపోతుంది" అంటాడు, ఇంకొకాయన 150 చాలంటాడు. ఇద్దరి మధ్యా నా బుర్ర పాడైంది. ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 78 కిలోలు. వెనక సస్పెన్షన్‌కి ఎయిర్ షాకా (గాలిది), కాయిలా (స్ప్రింగుది)? రెండు చక్రాలూ 29 అంగుళాలు ఉండాలా, వెనక 27.5 ఉండే మల్లెట్టా? కొత్తదా, సెకండ్ హ్యాండా? అన్నీ డౌట్లే. విస్లర్ బైక్ పార్కుకి (లిఫ్ట్‌లో ఎక్కి సైకిల్ మీద దిగే చోటు) కూడా వెళ్ళాలనుంది. కాస్త దారి చూపండి.

షోర్_పెద్దన్న

తమ్ముడూ, ట్రావెల్ సంగతి తర్వాత చూద్దాం. ముందు కొండ పైకి ఎలా ఎక్కుతావో చెప్పు.

ఫ్రోమ్‌కి లిఫ్ట్ లేదు, కారులో పైదాకా పోయే వీలూ లేదు. మౌంటెన్ హైవే అని పేరే గానీ గేటు దాటాక అది కంకర రోడ్డు, దాని మీదో నో క్వార్టర్ ట్రైల్ మీదో తొక్కుకుంటూ ఎక్కాల్సిందే. సీమోర్ కొండకైతే స్కీ చేసే చోటు దాకా తారు రోడ్డుంది కాబట్టి నలుగురు కలిస్తే ఒకరు కారు నడిపి మిగతావాళ్ళని పైన దింపొచ్చు, కానీ బుధవారం ఆఫీసయ్యాక నీ కోసం ఖాళీగా కూర్చుని కారు నడిపేదెవరు? మీ ఆఫీసాయన చెప్పిన డబుల్ క్రౌన్ బండి 200 ఎంఎం ఉంటుంది, వెనక గేర్లు ఏడే, సీటు పైకి లేపి కుదురుగా కూర్చుని తొక్కే ఏర్పాటు ఉండదు. లిఫ్ట్ ఉన్నచోట అది రాజు. ఫ్రోమ్ మీద అయితే గేటు నుంచి తోసుకుంటూ పోవాలి.

ఇక "ఎంత ట్రావెల్ ఉంటే అంత మంచిది" అన్నావు చూడు, అది స్పీడు మీద నిజం. షోర్ ట్రైల్స్ చాలావరకు స్పీడు ట్రైల్స్ కావు. వేరు ముందు బండి దాదాపు ఆగిపోతుంది, అక్కడ నువ్వు పెడల్స్ మీద ఒక్క నొక్కు నొక్కి ముందు చక్రం లేపి అవతల పెట్టాలి. 180 ఎంఎం మెత్తగా సెట్ చేసి ఉంటే ఆ నొక్కంతా సస్పెన్షనే మింగేస్తుంది, చక్రం లేవదు, పైగా బండి కుంగి పెడల్ రాయికి తగులుతుంది. 160 బండి అదే పనికి వెంటనే పలుకుతుంది.

ఫ్రీరైడ్ పుట్టిన కొండల్లో ఇవీ ఉన్నాయి కాబట్టి పెద్ద బండే కావాలనుకుంటారు చాలామంది. 1990ల్లో డిగ్గర్ అని అందరూ పిలిచే టాడ్ ఫియాండర్, డేంజరస్ డాన్ లాంటివాళ్ళు ఇక్కడ సీడర్ చెక్కలు చీల్చి నిచ్చెనల్లాంటి వంతెనలు కట్టారు. 2001లో యూటాలో జరిగిన మొదటి రెడ్ బుల్ రాంపేజ్ (ఫ్రీరైడ్ పోటీ) గెలిచిన వేడ్ సిమన్స్ కూడా ఈ షోర్ మీద పేరు తెచ్చుకున్నవాడే. ఆ రోజుల్లో వాళ్ళ దగ్గరున్న బళ్ళతో పోలిస్తే ఇప్పటి 160 ఎండ్యూరో (ఎక్కడానికీ దిగడానికీ పనికొచ్చే) బండి అన్ని విధాలా మేలు. హెడ్ యాంగిల్ (ముందు ఫోర్క్ వాలు) 64 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి నిటారుగా దిగేటప్పుడు ముందుకి బోర్లా పడేస్తుందన్న భయం తక్కువ, డ్రాపర్ పోస్ట్ (మీట నొక్కితే సీటు కిందికి దిగే గొట్టం) ఉంటుంది, 12 గేర్లుంటాయి.

నా ఓటు: అల్యూమినియం ఫ్రేములో ట్రాన్సిషన్ పేట్రోల్ గానీ స్పెషలైజ్డ్ స్టేటస్ 160 గానీ, రెండూ మల్లెట్లే. ఇంకాస్త పెద్దది కావాలంటే ట్రాన్సిషన్ స్పైర్ ఉంది, 170, రెండు చక్రాలూ 29. పేరు చూసి నార్కో షోర్ మీద మనసు పడతావేమో, 180 ట్రావెల్, హై పివట్ (వెనక భాగం కదిలే కీలు ఎత్తులో ఉంటుంది), ఛైన్ మీద అదనంగా ఒక ఐడ్లర్ పుల్లీ కూడా ఉంటుంది. దిగేటప్పుడు రాళ్ళని దున్నుకుంటూ పోతుంది, ఎక్కేటప్పుడు మాత్రం దాని బరువేంటో తెలుస్తుంది.

లిఫ్ట్_టికెట్

పెద్దన్న గారితో సగమే ఏకీభవిస్తా. విస్లర్ వెళ్ళాలనుంది అన్నాడు కదా, దాన్ని అలా పక్కన పెట్టేస్తే ఎలా? జూలై, ఆగస్టుల్లో అక్కడి ఎ-లైన్ ట్రైల్‌లో మలుపుల ముందు బ్రేకింగ్ బంప్స్ (అందరూ బ్రేకులు వేసి వేసి ఏర్పడే గుంతలు) ఎలా ఉంటాయో చూసినవాళ్ళకి 180 ఎందుకో చెప్పక్కర్లేదు. లిఫ్ట్ ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. షోర్‌లో వారం పడే దెబ్బలు ఒక్క రోజులో పడతాయి బండికి, చేతులకి కూడా. కెన్యాన్ టార్క్, కమెన్సాల్ క్లాష్ లాంటివి ఇందుకే ఉన్నాయి: ఫోర్క్ 180 దాకా, సింగిల్ క్రౌనే, సీటు పైకి లేపి కంకర రోడ్డు తొక్కొచ్చు. నెమ్మదిగా ఎక్కుతుంది, అంతే. పైకి ఎక్కేది పోటీ కాదుగా.

సీజన్ పాస్ తీసుకునే ఆలోచన ఉంటే 180. వేసవిలో ఎప్పుడో ఒకట్రెండు సార్లు స్నేహితులతో వెళ్దామనుకుంటే పెద్దన్న మాట విను, ఆ రోజుకి అక్కడే డౌన్‌హిల్ బండి అద్దెకి తీసుకో. కవచం కూడా ఇస్తారు, పగిలితే నీ బండి కాదన్న ధైర్యం కూడా ఉంటుంది... డిపాజిట్ గుర్తుకొచ్చేదాకా.

వికారాబాద్_వీరుడు

5,000 డాలర్లా! ఆ డబ్బుతో ఇక్కడ బుల్లెట్ కొని పెట్రోల్ కొట్టించి ఇంకా మిగుల్తుంది కదా బ్రో, నువ్వేమో ఇంజనే లేని బండికి పోస్తున్నావ్. సరదాకి అన్నాలే. కొన్నాక ఫోటోలు పెట్టు, మేం ఇక్కడ అనంతగిరి మట్టిలో కూర్చుని కుళ్ళుకుంటాం.

గ్రీజు_చేతులు

సైకిల్ షాపులో రిపేర్ల పని చేస్తానండి, మా బెంచి మీదకి ఏం విరిగి వస్తాయో ఆ లెక్కన చెప్తా. 160, 180 గొడవలో మీరు అసలు అడగనివి రెండున్నాయి, టైర్లూ బ్రేకులూ. నవంబర్ నుంచి ఇక్కడ వానలు, తడిసిన సీడర్ వేరు సబ్బు బిళ్ళ లాంటిది. దాని మీద టైరు రబ్బరే మిమ్మల్ని నిలబెట్టాలి, ట్రావెల్ ఏం చేయలేదు. ముందుకి మాక్సిస్ అసెగాయ్ టైరు వేయించుకోండి, రబ్బరు మాక్స్‌గ్రిప్ (మెత్తటి రకం) అయ్యుండాలి. అది తొందరగా అరిగిపోతుంది, అయినా సరే. వెనకకి డీహెచ్ఆర్ టూ టైరు, పల్చటి ఎక్సో కాకుండా మందమైన డబుల్‌డౌన్ కేసింగ్ (టైరు గోడ). కొత్త బళ్ళకి చాలాసార్లు పల్చటి కేసింగే వస్తుంది, బరువు తక్కువ చూపించుకోవడానికి. మీ బరువుకి ట్యూబ్‌లెస్‌లో ముందు 22, వెనక 25 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి మీకు నప్పేలా మార్చుకోండి. బ్రేకులు నాలుగు పిస్టన్లవి, రోటర్లు (బ్రేక్ డిస్కులు) రెండు వైపులా 200 ఎంఎం. టైర్లకీ, అవసరమైతే బ్రేకులకీ బడ్జెట్‌లోంచి 500 డాలర్లు ఇప్పుడే పక్కన పెట్టేయండి.

షాక్ సంగతికొస్తే, చిన్న చిన్న వేర్ల మీద కాయిల్ చాలా బాగుంటుంది, నిజమే. కానీ బరువుకి తగ్గ స్ప్రింగ్ కొనాలి, సెకండ్ హ్యాండ్‌లో పాత యజమాని బరువుకి వేసిన స్ప్రింగ్ వస్తుంది. పైగా కొన్ని ఫ్రేములకి కాయిల్ పడదు, డ్రాప్ దిగగానే సస్పెన్షన్ పూర్తిగా కుంగి అడుగు తగిలిపోతుంది. మీది మొదటి ఫుల్ సస్పెన్షన్ కాబట్టి ఎయిర్ తీసుకోండి, ఓ షాక్ పంప్ కొనుక్కుని శాగ్ (మీరు కూర్చోగానే సస్పెన్షన్ కుంగే మేర) 30 శాతం దగ్గర పెట్టండి. చక్రాలంటారా, మీ ఎత్తుకి మల్లెట్టే. నిటారు బండ మీద వెనక్కి జరిగినప్పుడు 29 టైరు నిక్కరుకి రాసుకుంటే ఆ టెన్షన్‌లో బ్రేక్ గట్టిగా నొక్కేస్తారు.

సైజు మీడియం. ఈ విషయంలో ఎవరి మాటా వినొద్దు. మా స్నేహితురాలికి ఒక షాపులో మీడియం అయిపోయిందని లార్జ్ అంటగట్టారు, హ్యాండిల్ దగ్గరికి జరిపితే సరిపోతుందని. స్టెమ్ (హ్యాండిల్‌ని పట్టి ఉంచే ముక్క) మార్చినా ఏం లాభం, ఫ్రేము పొడవు తగ్గదుగా! మలుపుల్లో ముందు చక్రం మీద బరువు వేయలేక సీజన్ అంతా ఏడ్చింది, చివరికి నష్టానికి అమ్ముకుంది.

కొత్తదైతే బీసీలో (బ్రిటిష్ కొలంబియా) సైకిళ్ళకి పీఎస్‌టీ (రాష్ట్ర అమ్మకపు పన్ను) లేదు, 5 శాతం జీఎస్‌టీ ఒక్కటే, ధరలు పోల్చేటప్పుడు గుర్తుంచుకోండి.

బర్నబీ_కుర్రాడు

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. నిజం చెప్పాలంటే విస్లర్‌కి వేసవిలో ఒకట్రెండు సార్ల కంటే వెళ్ళను, కారు కూడా నాది కాదు. వారం మధ్యలో ఫ్రోమ్, శనివారం సీమోర్, నా బతుకు అంతే. అంటే 160 అన్నమాట. పింక్‌బైక్ సైట్‌లో ఒక అల్యూమినియం పేట్రోల్ కనిపించింది, మీడియం, ఎయిర్ షాక్, 3,400 అంటున్నాడు. ఫోటోల్లో బాగానే ఉంది. సర్వీసు ఎప్పుడు చేయించావని అడిగితే "బాగానే నడుస్తోంది" అని రిప్లై. దగ్గరికెళ్ళి ఏం చూడాలి?

గ్రీజు_చేతులు

"బాగానే నడుస్తోంది" అంటే సర్వీసు చేయించలేదని అర్థం. ఫోర్కులు తయారుచేసే రాక్‌షాక్స్ లెక్క ప్రకారం ఫోర్క్ కింది కాళ్ళ సర్వీసు 50 గంటలకోసారి, పూర్తి సర్వీసు 200 గంటలకి. అది చేయించుకునే ఖర్చు ధరలో తగ్గించమనండి.

వెళ్ళగానే ఫోర్క్ నిగనిగలాడే గొట్టాల మీద గోరు ఆనించి పైనుంచి కిందికి జార్చండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ గీత ఉన్నట్టు, ఆ గీత సీలుని కోస్తుంది, నూనె కారుతుంది. తర్వాత బండిని నిలబెట్టి సీటు పట్టుకుని మెల్లగా పైకెత్తండి. వెనక చక్రం నేల వదలకముందే చేతికి టక్కుమని తగిలితే షాక్ బుషింగో పివట్ బేరింగో వదులైందన్నమాట. బుషింగ్ చవక, బేరింగులన్నీ మార్చాలంటే షాపులో చేతి చమురు వదులుతుంది. ఆఖర్న బండిని తిరగేసి డౌన్‌ట్యూబ్ (ఫ్రేము కింది గొట్టం) అడుగున బురద గుడ్డతో తుడిచి వెల్డింగుల చుట్టూ చూడండి. పెయింట్ మీద వెంట్రుక లాంటి గీత కనిపిస్తే ఇంక బేరం వద్దు.

షోర్_పెద్దన్న

దానికి తోడు పెడల్స్ మధ్య అడుగున సీరియల్ నంబర్ ఉంటుంది, 529 గరాజ్‌లో (సైకిళ్ళు నమోదు చేసే సైట్) కొట్టి చూడు, దొంగ బండి అయితే చాలావరకు అక్కడ తెలిసిపోతుంది. నంబర్ గీకేసి ఉంటే మాట్లాడకుండా వచ్చేయ్.

ఎప్పుడు చూడ్డానికి వెళ్తున్నావో చెప్పు, ఆదివారం పొద్దున అయితే నేనూ వస్తా, షాక్ పంప్ నా దగ్గరుంది. చుట్టుపక్కల ఏదైనా ఎత్తు రోడ్డు చూసి ఓ పది నిమిషాలు ఎక్కించి చూద్దాం, పార్కింగ్ లాట్‌లో గుండ్రంగా తిప్పితే ఏ బండైనా బాగానే ఉంటుంది. 3,100కి దింపుదాం, మిగిలిన దాంట్లో ముందు టైర్లు వేయించు.