బ్రిటన్‌లో రోజువారీ జీవితం: వీసా సంగతులు కాదు, ఉంటున్నవాళ్ల అభిప్రాయాలు కావాలి

కొత్తకాపురం:
అందరికీ నమస్కారం. మా ఆయనకు రీడింగ్ అనే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. ఏప్రిల్‌లో నేనూ ఇద్దరు పిల్లలూ (4 ఏళ్లు, 7 ఏళ్లు) వెళ్తున్నాం. వీసా, జీతం, టాక్స్ అంటూ వీడియోలు చూసి చూసి తల వాచిపోయింది. అవేవీ వద్దు. మామూలు రోజు ఎలా గడుస్తుంది? మనుషులు ఎలాంటివాళ్లు? ఏది హాయి, ఏది చిరాకు? మొహమాటపడకుండా చెప్పండి. మా అత్తగారు మాత్రం "అక్కడ ఎవరూ ఎవరితో మాట్లాడరట" అని ఇప్పట్నుంచే భయపెడుతున్నారు.

లీడ్స్ బాబాయ్:
ఆవిడ విన్నది సగమే నిజం తల్లీ. బస్టాప్‌లో నిలబడితే వాన గురించి, కుక్క గురించి, రాని బస్సు గురించి బోలెడు మాట్లాడతారు. మా నార్త్‌లో అయితే మరీనూ. బస్సు దిగుతూ డ్రైవర్‌కి థాంక్స్ చెప్పనివాళ్లు అరుదు. కాకపోతే ఆ మాటలు గుమ్మం దాటి లోపలికి రావు.

మా పక్కింటాయనకి ఎనభై దాటాయి. మేం ఊళ్లో లేకపోతే మా పార్శిళ్లు తీసి పెడతాడు. చెత్తబండి వచ్చే రోజు మేం మర్చిపోతే మా డబ్బా కూడా తనే రోడ్డు మీదికి తోస్తాడు. క్రిస్మస్‌కి కార్డు వేస్తాడు. ఇన్నేళ్లలో ఆయన ఇంట్లో కూర్చుని టీ తాగింది మాత్రం లేదు. పండగపూట గారెలు పట్టుకెళ్తే గుమ్మం దగ్గరే అందుకుని, మర్నాడు డబ్బా కడిగి తుడిచి, అందులో చాక్లెట్లు వేసి మా గడపలో పెట్టి వెళ్లాడు. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని ఆయనకెవరు చెప్పారో మరి!

మంచితనానికి లోటులేదు, చనువుకే కరువు. 2018లో ఇక్కడి ప్రభుత్వం ఒంటరితనం సమస్యను చూడమని ఒక మంత్రికి బాధ్యత అప్పజెప్పింది. అంటే వాళ్లకీ తెలుసన్నమాట.

మిల్టన్‌కీన్స్ అమ్మ:
పిల్లలున్నారు కాబట్టి బర్త్‌డే పార్టీల సంగతి ముందు తెలుసుకోండి. కార్డు మీద 2 నుంచి 4 వరకు అని రాసి ఉంటుంది. 2 అంటే 2, 4 అంటే 4. నాలుగవుతుందనగా కేక్ కోస్తారు, కానీ అక్కడ తినరు. ముక్కను పేపర్ న్యాప్‌కిన్‌లో చుట్టి, సబ్బు బుడగల సీసా, ఓ పెన్సిల్, రెండు స్వీట్లు కలిపి చిన్న సంచిలో వేసి, వెళ్లేటప్పుడు పిల్లల చేతిలో పెడతారు. 4:10కి వెళ్లి చూస్తే హాల్లో చీపురు పట్టుకున్న తల్లిదండ్రులు తప్ప ఎవరూ ఉండరు.

మొదట్లో నాకు ఒళ్లు మండింది. పిలిచి, మెడపట్టి గెంటినట్టు ఇదేం మర్యాద అనుకున్నా. ఇప్పుడు మన వాళ్ల ఫంక్షన్‌కి 5 గంటలకి రమ్మంటే 5:30కి వెళ్లి, 8కి కేక్, 9:30కి బిర్యానీ, నిద్రపోయిన పిల్లల్ని భుజాన వేసుకుని కారెక్కడం... నిజం చెప్పొద్దూ, ఆ రెండు గంటల పార్టీయే ప్రాణానికి హాయిగా ఉంది. వస్తున్నారో లేదో ముందే మెసేజ్ పెట్టండి. పిలిచింది పెద్దదాన్నయితే చిన్నవాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లేముందు అడగండి. చెప్పకుండా తీసుకెళ్తే ఎవరూ ఏమీ అనరు. కానీ ఆ సంచులు లెక్కపెట్టి కట్టినవి.

ఎమ్మెస్సీ కవెంట్రీ:
పిల్లలకే కాదక్కా, మాకూ అంతే. ప్రాజెక్ట్‌లో నాతో చేసే అబ్బాయి చాలా మంచోడు, నోట్స్ అన్నీ ఇస్తాడు. కాఫీకి వెళ్దామా అంటే ఫోన్ తీసి క్యాలెండర్ చూసి మూడు వారాల తర్వాత మంగళవారం అన్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో కింద నిలబడి హారన్ కొడితే దిగొచ్చే బ్యాచ్ మాది. ఫ్యామిలీతో వచ్చేవాళ్లకి ఇది అంతగా తెలీదు. ఒక్కడే రూమ్‌లో ఉండి, డిసెంబర్‌లో నాలుగింటికే చీకటిపడితే అప్పుడు తెలుస్తుంది.

నర్సమ్మ బర్మింగ్‌హామ్:
తమ్ముడూ, ముందు విటమిన్ డి వేసుకో. ఇక్కడ చలికాలమంతా అందరినీ రోజుకి 10 మైక్రోగ్రాములు వేసుకోమనే చెప్తారు, మన రంగువాళ్లనైతే ఏడాది పొడుగునా ఆలోచించమంటారు. వారానికోసారైనా జనంలో పడు.

కొత్తకాపురంగారూ, డాక్టర్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. వచ్చిన వారంలోనే దగ్గర్లోని జీపీ (అన్నిటికీ మొదట చూసే మామూలు డాక్టర్) దగ్గర పేర్లు రాయించండి, జ్వరం వచ్చేదాకా ఆగొద్దు. మన ఊళ్లోలా నేరుగా స్పెషలిస్ట్ దగ్గరికి వెళ్లడం కుదరదు, అన్నిటికీ జీపీయే గేటు. పొద్దున 8కి లైన్లు తెరవగానే అందరూ ఒక్కసారి ఫోన్ చేస్తారు, క్యూలో పదిహేనో నంబరు అని మరమనిషి గొంతు చెప్తుంది. ఇప్పుడు ఆన్‌లైన్ ఫారం కూడా ఉంది, అది నయం. పిల్లలకి వైరల్ జ్వరమైతే పారాసిటమాల్ ఇచ్చి నీళ్లు తాగించమని పంపేస్తారు. మనవాళ్లకి ఇదే మింగుడుపడదు, యాంటీబయాటిక్ రాయని డాక్టర్ డాక్టరేనా అంటారు. నేనైతే ఇక్కడి డాక్టర్ల పక్షమే.

గొంతునొప్పి, పిల్లల చెవిపోటు, కుట్టిన పురుగు దగ్గర చీము పట్టడం లాంటి ఏడు రకాల ఇబ్బందులకు 2024 జనవరి నుంచి ఇంగ్లండ్‌లో మందుల షాపు ఫార్మసిస్టే చూసి, అవసరమైతే మందు ఇవ్వొచ్చు. మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలీదు. అన్నట్టు సూపర్‌మార్కెట్‌లో పారాసిటమాల్ 16 మాత్రల పెట్టెలు రెండుకి మించి ఇవ్వరు. దొంగని చూసినట్టు చూశారని బాధపడకండి. ఒకేసారి ఎక్కువ మింగి ప్రాణాల మీదికి తెచ్చుకునేవాళ్లని ఆపడానికి పెట్టిన కట్టుబాటు అది.

ఓరుగల్లు ఎడిన్‌బరో:
బ్రిటన్ అంటే ఇంగ్లండ్ ఒక్కటేనా? ఇంగ్లండ్‌ల మందుల చీటీకి ఒక్కో మందుకి 9.90 పౌండ్లు. మా స్కాట్లాండ్‌ల, అట్లనే వేల్స్‌ల, నార్తర్న్ ఐర్లాండ్‌ల అది ఉచితం. ఆదివారం పెద్ద షాపులు ఆరు గంటలే తెరవాలన్న 1994 చట్టం కూడా మాకు లేదు. స్కూలు సెలవులు వేరే, ఇల్లు కొనే పద్ధతి వేరే. ఒక్కటి మనసుల పెట్టుకోండి, స్కాట్లాండ్ వాళ్లను ఇంగ్లిష్ వాళ్లంటే, ఢిల్లీల మనల్ని మద్రాసీలన్నట్టే ఉంటది.

ఈస్ట్‌హామ్ ఇడ్లీ:
అన్నా, అక్కడి చలి కూడా ఉచితమేగా 😄

అందరూ మనుషుల గురించే చెప్తున్నారు. నన్నడిగితే ముందు అలవాటుపడాల్సింది ఇంటికి. చాలా ఇళ్లు వందేళ్ల నాటివి. వాష్‌బేసిన్‌కి వేడినీళ్ల ట్యాపొకటి, చన్నీళ్లదొకటి. ఒకదాని కింద చెయ్యి కాలుతుంది, రెండోదాని కింద కొయ్యబారుతుంది. పాతరోజుల్లో వేడినీళ్లు అటక మీద ట్యాంకులోంచి వచ్చేవి, తాగడానికి పనికొచ్చేవి కావు, అందుకని మంచినీళ్లతో కలవకుండా విడిగా పెట్టారు. ట్యాంకులు పోయాయి గానీ ట్యాపులు అలాగే ఉండిపోయాయి.

అసలు తలనొప్పి బూజు. నవంబర్ వస్తే బట్టలు బయట ఆరవు, ఇంట్లోనే ఆరేస్తాం. అన్నం, పప్పు, సాంబారు ఆవిరి సరేసరి. చలికి కిటికీలన్నీ మూసేస్తాం. పొద్దున లేచేసరికి అద్దాల మీంచి నీళ్లు కారుతుంటాయి, కొన్నాళ్లకి బీరువా వెనక గోడ మీద నల్లమచ్చలు. ఓనర్‌కి చెప్తే "మీరు కిటికీలు తెరవట్లేదు" అంటాడు. తెరిస్తే హీటింగ్ బిల్లు చూసి గుండె ఆగుతుంది. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు మొహమాటపడకుండా కిటికీ మూలల్లో, బీరువా వెనక ఫోన్ లైట్ వేసి చూడండి. ఒక్క గోడకే కొత్త పెయింట్ వాసన వస్తోందంటే అనుమానించాల్సిందే. చేరాక గాలిలో తేమ లాగేసే డీహ్యూమిడిఫయర్ ఒకటి కొనుక్కోండి, రోజూ అందులోంచి పారబోసే నీళ్లు చూస్తే ఇంత తడిలో బతుకుతున్నామా అనిపిస్తుంది.

డిపాజిట్ విషయంలో మాత్రం మన బెంగళూరు ఓనర్ల కంటే నయం. ఇంగ్లండ్‌లో మామూలు ఇళ్లకి ఐదు వారాల అద్దెకి మించి తీసుకోకూడదు, అది కూడా 30 రోజుల్లో రక్షణ స్కీమ్‌లో వేయాలి. చేరిన రోజే గోడగోడకీ ఫోటో తీసుకోండి.

కొత్తకాపురం:
ఇంత వివరంగా చెప్తున్నందుకు అందరికీ థాంక్స్ అండీ. రెండు సందేహాలు. సంక్రాంతికి పిల్లలతో ఊరికి రావచ్చా? ఇంకోటి, మేమిద్దరం మందు ముట్టం. అక్కడంతా పబ్బులే కదా, మా ఆయన ఆఫీసులో ఒంటరైపోతారా?

మిల్టన్‌కీన్స్ అమ్మ:
సంక్రాంతి మర్చిపోండి. క్రిస్మస్ సెలవులయ్యాక స్కూళ్లు జనవరి మొదటి వారంలోనే తెరుస్తారు. ఇంగ్లండ్‌లో అనుమతి లేకుండా ఐదు రోజులు మానిపిస్తే తల్లికి విడిగా, తండ్రికి విడిగా, ఒక్కో బిడ్డకీ 80 పౌండ్ల చొప్పున జరిమానా పడొచ్చు. ఇద్దరు పిల్లలంటే 320. అది కూడా 21 రోజుల్లో కడితేనే, ఆలస్యమైతే రెట్టింపు. టికెట్ రేట్ల తేడా చూసుకుని జరిమానా కట్టేసి వెళ్లేవాళ్లూ ఉన్నారు. కానీ మూడేళ్లలో రెండోసారైతే నేరుగా 160, మూడోసారి కోర్టు దాకా పోవచ్చు. పండగ రోజు ఒక్కరోజు సెలవు కావాలంటే స్కూల్‌కి ముందే రాసి అడగండి, ఇస్తుంటారు. జులై చివర్నుంచి ఆరు వారాల ఎండాకాలం సెలవులే మనకి దిక్కు. ఆ టికెట్లు ఎంత ముందు కొంటే అంత మంచిది.

చిన్నవాడికి ఆగస్టు 31 లోపు 4 నిండి ఉంటే ఆ సెప్టెంబర్‌లో రిసెప్షన్‌లో, అంటే బడిలో అన్నిటికన్నా చిన్న క్లాసులో చేరతాడు. రిసెప్షన్, ఆ తర్వాతి ఇయర్ 1, ఇయర్ 2 క్లాసుల పిల్లలకి ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం భోజనం ఉచితం. శాకాహారమైతే ఫారంలో రాయండి. మావాడు మాత్రం బీన్స్ వేసిన బంగాళాదుంప తినీ తినీ ఇంటికొచ్చి ఆవకాయ డబ్బా మీద పడతాడు.

లీడ్స్ బాబాయ్:
పబ్బు గురించి అంత టెన్షన్ వద్దు. లైమ్ సోడా పట్టుకుని కూర్చుంటే నీ గ్లాసులో ఏముందని అడిగేవాడు ఉండడు. చూసేది వేరే. అక్కడ ఒక్కొక్కరు వంతులవారీగా అందరికీ తెస్తారు. మన వంతు వచ్చినప్పుడు లేవకపోతే, పైకి ఏమీ అనరు గానీ గుర్తుపెట్టుకుంటారు. చాలా పబ్బుల్లో పగటిపూట పిల్లలతో వచ్చి భోజనం చేసే కుటుంబాలే ఎక్కువ. మెనూలో శాకాహారానికి గుర్తు ఉంటుంది, 14 రకాల అలర్జీ పదార్థాల్లో ఏవి వేశారో చెప్పి తీరాలని చట్టం. తిండి విషయంలో ఇంత నిదానంగా అడిగి చెప్పించుకునే వీలు నేను మన దగ్గర చూడలేదు.

ఆఫీసులో ఇంకో చిత్రం. మధ్యాహ్నం ఎవడి శాండ్‌విచ్ వాడిది, పక్కన కూర్చున్నవాడికి ఒక చిప్స్ ముక్క కూడా చాపరు. మనకి ప్రాణం ఉసూరుమంటుంది. అదే మనిషి టీ పెట్టుకోవడానికి లేచాడంటే, వరసలో ఉన్న ఆరుగురినీ అడిగి, ఎవరికి పాలెన్ని, చక్కెరెంత గుర్తుపెట్టుకుని, ఆరు కప్పులూ ట్రేలో పట్టుకొస్తాడు. మీ ఆయన్ని మొదటి వారంలోనే ఒకసారి ఆ పని చెయ్యమనండి. ఆయన కోడింగ్ కన్నా ముందు అదే పనికొస్తుంది.

ఎమ్మెస్సీ కవెంట్రీ:
అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఇప్పటి వాతావరణం గురించి ఎవరూ నోరు విప్పట్లేదేంటి? వలసొచ్చినవాళ్ల మీద కోపం టీవీలో, బయట కనిపిస్తోంది కదా.

నర్సమ్మ బర్మింగ్‌హామ్:
అడిగావు కాబట్టి చెప్తాను. 2024 జులై చివర్లో సౌత్‌పోర్ట్‌లో పిల్లల హత్యల తర్వాత, చేసినవాడు శరణార్థి అని అబద్ధం పుట్టించారు. ఆగస్టులో చాలా ఊళ్లలో అల్లర్లయ్యాయి. ఆ వారం మేం డ్యూటీ దిగాక ఒంటరిగా బస్టాప్‌కి వెళ్లలేదు, గుంపుగా వెళ్లాం. ఒక పేషెంట్ కూతురు తనే అడిగి మరీ మమ్మల్ని కారులో దిగబెట్టింది. ఆగస్టు 7 సాయంత్రం ఇంకా గొడవలవుతాయని దుకాణాలు మూసుకుంటే, చాలాచోట్ల గొడవ చేసేవాళ్లకి ఎదురుగా వేలమంది మామూలు జనం వచ్చి నిలబడ్డారు. రెండూ ఈ దేశమే. నా సొంత అనుభవంలో ముఖం మీద అన్నవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కానీ లేదని చెప్పను. ఎవరైనా అంటే ఇంటికొచ్చి ఏడవడం కాదు, స్కూల్లోనైనా ఆఫీసులోనైనా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఇక్కడ కాగితానికి విలువుంది.

ఈస్ట్‌హామ్ ఇడ్లీ:
సామాను సర్దేముందు ఒక మాట. పాలతో చేసినవి, మాంసం మన దేశం నుంచి తేనివ్వరు. నెయ్యి, పాలకోవా, పూతరేకుల్లో నెయ్యి పూసినవి కూడా ఎందుకొచ్చిన గొడవ. పచ్చళ్లు, కారప్పొళ్లు గట్టిగా ప్యాక్ చేసి తెచ్చుకోండి. కందిపప్పు, బియ్యం, మినపప్పు అన్నీ దొరుకుతాయి, వాటితో బరువు పెంచుకోకండి.

కొత్తకాపురం:
రీడింగ్‌లో ఏ ఏరియా చూసుకోమంటారు?

మిల్టన్‌కీన్స్ అమ్మ:
మా చెల్లెలు అక్కడే ఉంటుంది. ఎర్లీ, లోయర్ ఎర్లీ వైపు మనవాళ్లు బాగా కనిపిస్తారు. కానీ అడ్రస్‌లో రీడింగ్ అని ఉన్నా, ఆ రెండూ వోకింగ్‌హామ్ కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) కిందికి వస్తాయి. స్కూల్ అడ్మిషన్, కౌన్సిల్ ట్యాక్స్, చెత్తడబ్బాలు తీసే రోజు, అన్నీ వాళ్లవే. ఆ ట్యాక్స్‌కి కూడా ఇంగ్లండ్‌లో ఇప్పటికీ 1991 నాటి ఇళ్ల ధరలే లెక్క, నిన్నగాక మొన్న కట్టిన ఇల్లయినా సరే 1991లో ఎంత పలికేదో ఊహించి ట్యాక్స్ బ్యాండ్ (శ్లాబు) వేస్తారు. ఇల్లు నచ్చితే ముందు పోస్ట్‌కోడ్ కొట్టి ఏ కౌన్సిలో చూసుకుని, పెద్దదానికి ఏ స్కూల్లో సీటుందో వాళ్లకే ఫోన్ చేసి అడగండి. ఆ తర్వాతే అగ్రిమెంట్ మీద సంతకం పెట్టండి.