16 ఏళ్ళకి కూచిపూడి మొదలుపెడితే వస్తుందా? అబ్బాయిని, ఇంతవరకు ఒక్క అడుగు కూడా రాదు

బెజవాడ_కుర్రోడు:
అందరికీ నమస్తే. నాకు 16, పాలిటెక్నిక్ ఫస్టియర్, ఉండేది విజయవాడ. పోయిన దసరాకి గుడి దగ్గర కూచిపూడి ప్రోగ్రాం చూశాను, అందులో ఒకాయన తరంగం చేశారు ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి, అప్పట్నుంచి అదే బుర్రలో తిరుగుతోంది. మా వీధి చివర ఒక మేడం నేర్పుతారు, వెళ్ళి కిటికీలోంచి చూస్తే అందరూ రెండో క్లాసు మూడో క్లాసు పిల్లలే, పైగా అందరూ ఆడపిల్లలు. ఇంట్లో అమ్మకి ఓకే, నాన్న మాత్రం ఏమీ అనట్లేదు, అంటే ఇష్టం లేదని అర్థం. మా పెద్దమ్మ అయితే ఎముకలు ముదిరాక డాన్స్ ఏం వస్తుంది రా అంటోంది. నిజంగా లేటయిందా? ఇంకోటి, నేను నేల మీద గొంతుకూర్చుంటే మడమలు పైకి లేచిపోతాయి, అలాంటోడికి కుదురుతుందా అసలు?

గజ్జెల_అక్క:
తమ్ముడూ, నేను చాలా ఏళ్ళుగా చిన్న క్లాసు నడుపుతున్నా కాబట్టి చెప్తున్నా, 16 ఏమీ లేటు కాదు, కాకపోతే చిన్నపిల్లలకి వచ్చినట్టు నీకు రాదు, వేరేగా వస్తుంది. వాళ్ళకి ఒళ్ళు తొందరగా వంగుతుంది కానీ తాళం నిలబడదు, ఆదితాళం ఎనిమిది లెక్కపెట్టడానికే నెలలు పడతాయి. నీ వయసు వాళ్ళకి లెక్క ఒక్క రోజులో ఎక్కేస్తుంది, అసంయుత హస్తాలు (ఒంటి చేత్తో పట్టే ముద్రలు) 28 శ్లోకంతో సహా వారంలో అప్పజెప్పేస్తారు, అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకి తెరిచి సగం కిందకి, కూర్చోమంటే మాత్రం తొడలు వణుకుతాయి.

అరమండి గురించి ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకో. మోకాళ్ళు పక్కలకి తెరవాలంటే ఆ తిరుగుడు తుంటి దగ్గర నుంచి రావాలి. పాదాలు మాత్రం పక్కకి తిప్పేసి మోకాళ్ళు ముందుకే ఉంచి కూర్చుంటే కొన్నాళ్ళకి మోకాలు లోపలి వైపు నొప్పి మొదలవుతుంది, పెద్దయ్యాక చేరినవాళ్ళు ఎక్కువగా చేసేది ఇదే, ఎందుకంటే పక్కన ఉన్న చిన్నపిల్ల అంత కిందకి కూర్చుంటోంది కదా అని పంతం. నీకు ఎంత వస్తే అంతే కూర్చో, మోకాలు కాలివేళ్ళ వైపే చూస్తోందా లేదా అదొక్కటి చూసుకో. మడమలు లేవడం పిక్కలు బిగుసుకుపోయి ఉండొచ్చు, గోడకి చేతులు ఆనించి ఒక కాలు వెనక్కి పెట్టి పిక్క సాగదీస్తుంటే చాలామందికి మెల్లగా తగ్గుతుంది. అరమండికి అంత లోతు అక్కర్లేదు కూడా, సగమే కూర్చుంటాం.

ఇంకా, సిమెంట్ నేల మీదో టైల్స్ మీదో మొదటి రోజే కాలు పగిలేట్టు కొట్టొద్దు, ముందు జారుడు లేకుండా మెల్లగా అరికాలు మొత్తం పడేట్టు నేర్చుకుంటే చప్పుడు దానంతట అదే వస్తుంది.

కృష్ణాతీరం:
అబ్బాయివని మొహమాటపడుతున్నావా, అదీ బెజవాడలో ఉండి 😄 కూచిపూడి ఊరు మొవ్వ మండలంలో మీకు దగ్గరే కదా. అక్కడ భాగవతుల మేళాల్లో తరతరాలుగా ఆడింది మగవాళ్ళే, భామాకలాపం అనే నృత్యనాటకంలో సత్యభామ వేషం కూడా మగవాళ్ళే కట్టేవాళ్ళు, వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామ గురించి మీ తాతయ్యని అడుగు చెప్తారు. ఆడపిల్లలు ఎక్కువగా నేర్చుకోవడం మొదలైంది ఆ తర్వాత, 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టిన వెంపటి చినసత్యం గారి లాంటి గురువుల దగ్గర. నాన్నగారికి వాదించి చెప్పకు, ఓసారి ప్రోగ్రాంకి తీసుకెళ్ళు చాలు.

లేటు అంటావా, రుక్మిణీదేవి అరండేల్ 1904లో పుట్టారు, భరతనాట్యం మొదలుపెట్టింది ముప్పై దగ్గర పడ్డాక, 1936లో కళాక్షేత్ర అనే నాట్య విద్యాసంస్థే పెట్టేశారు.

నిజం_చెప్తా:
రుక్మిణీదేవి గారి ఉదాహరణ అందరూ ఇస్తారు కానీ ఆవిడ అంతకుముందే బ్యాలే నేర్చుకున్నారు, ఒంటికి అలవాటు ఉంది, అది కూడా చెప్పాలి కదా. నేను నిరుత్సాహపరచట్లేదు బ్రో, కానీ నువ్వు చూసింది తరంగం, అది చివర్లో వచ్చేది. ముందు అడుగులు, అవే మూడు కాలాల్లో (వేగాల్లో), తర్వాత జతులు (అడుగులు కలిపి తాళానికి కట్టిన వరసలు), ఆ తర్వాతే ఐటమ్స్, పళ్ళెం ఎప్పుడో. కొన్నిచోట్ల పేరెంట్స్ అడుగుతున్నారని చేరిన రెండు నెలలకే ఆన్యువల్ డే కోసం ఐటమ్ నేర్పేస్తారు, మా చెల్లి అలాంటి చోట నేర్చుకుని వేరే గురువు దగ్గరకెళ్తే మళ్ళీ మొదటి అడుగు నుంచి మొదలుపెట్టించారు. అందుకే చేరేముందు ఓ గంట కూర్చుని క్లాసు చూడు. మేడం కర్రతో తాళం వేస్తూ తప్పు అడుగు ఆపి సరిచేస్తున్నారా, లేక ఫోన్లో పాట పెట్టి వదిలేస్తున్నారా, అది చూస్తే తెలిసిపోతుంది.

యూట్యూబ్ చూసి నేర్చుకుంటా అనుకుంటే మాత్రం వద్దు, హస్తాలూ శ్లోకాలూ వరకు ఓకే గానీ నీ మోకాలు ఎటు పోతోందో యూట్యూబ్ చెప్పదు.

రాంకోఠి_రమేష్:
సర్టిఫికెట్ కూడా కావాలంటే గవర్నమెంట్ సంగీత నృత్య కళాశాలలు ఉన్నాయి, మాకు హైదరాబాద్‌లో త్యాగరాజ కాలేజీ, మీకు విజయవాడలో ఘంటసాల గారి పేరు మీద ఉన్నది. నాలుగేళ్ళు సర్టిఫికెట్, తర్వాత రెండేళ్ళు డిప్లొమా. టైమింగ్స్ నీ పాలిటెక్నిక్‌తో కుదురుతాయో లేదో వెళ్ళి కనుక్కో. మా వైపు అబ్బాయిలు పేరిణికి కూడా వెళ్తారు, నటరాజ రామకృష్ణ గారు మళ్ళీ బతికించిన వీరనాట్యం, నీకు ఆ జోరు నచ్చితే అదీ ఓసారి చూడు.

బెజవాడ_కుర్రోడు:
అందరికీ థ్యాంక్స్ అండి. నిన్న మేడంతో మాట్లాడాను, శనివారం సాయంత్రం పెద్దవాళ్ళ బ్యాచ్ ఉందట, అందులో ఒక బ్యాంకు ఆంటీ, ఇద్దరు డిగ్రీ అక్కలు ఉన్నారట. ముందు అడుగులు వచ్చాకే గజ్జెలు అన్నారు. అక్కా, మొదటి రోజు ఏం వేసుకెళ్ళాలి? ట్రాక్ ప్యాంట్ పర్లేదా?

గజ్జెల_అక్క:
పైజామా, పొట్టి కుర్తా బెస్ట్, నడుముకి ఏదైనా కండువా బిగించి కట్టు. ట్రాక్ ప్యాంట్ అయితే కింద కాలికి చిక్కుకోనిది వేసుకో, మోకాలు కనపడేట్టు ఉంటే మేడంకి సరిచేయడం తేలిక. వెళ్ళేముందు కడుపునిండా తినకు, మంచినీళ్ళ సీసా పట్టుకెళ్ళు. మర్నాడు మెట్లు దిగేటప్పుడు పిక్కలు తిడతాయి, అది మామూలే, మోకాలు పొడిచినట్టు నొప్పి పుడితే మాత్రం ఆపి మేడంకి చెప్పు.