ఆస్పత్రిలో చేర్చుకునేటప్పుడే అడగాలా, ‘చివర్లో ఏం చేయమంటారు’ అని?

పీలేరు వాసి:
మా నాయనకు డెబ్బై ఎనిమిదేళ్లు, ఊపిరితిత్తుల జబ్బు. పోయిన నెల తిరుపతిలో ఒక ఆస్పత్రిలో చేర్చాం. పక్క మంచం పెద్దాయనకు వెంటిలేటర్ పెట్టడం చూసి, రాత్రి నన్ను దగ్గరికి పిలిచి, “నాకు ఆ గొట్టం వద్దురా. కాగితమేదైనా రాయాలంటే ఇప్పుడే రాస్తా” అన్నాడు. పొద్దున డ్యూటీ డాక్టర్‌ని అడిగితే “ముందు ఆయనకు ధైర్యం చెప్పండి” అని వెళ్లిపోయాడు. చివరి దశలో ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టే కాగితం, లివింగ్ విల్, చెల్లుతుందని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది కదా. చేర్చుకునేటప్పుడు ఆధార్ అడుగుతారు, ఇన్సూరెన్స్ అడుగుతారు, ఈ ఒక్క మాట అడగరా?

నైట్ డ్యూటీ:
వార్డు నర్సుని. చేర్చుకునేటప్పుడు మాత్రం వద్దండీ. ఆయాసంతో వచ్చిన మనిషిని ఆ మాట అడిగితే, ఇక పోయినట్టే అనుకుంటాడు. వెంట వచ్చినవాళ్లు మా మీదికొస్తారు. కానీ ఒకటి నిజం. రాత్రి రెండింటికి బీపీ చూడబోతే వాళ్లే మొదలుపెడతారు, “ఇదంతా ఎన్నాళ్లమ్మా?” అని. పగలు కొడుకు పక్కనుంటే నోరెత్తరు. అడగాల్సింది అప్పుడు, అదీ తెలిసిన డాక్టరు.

చిత్తూరు బార్:
లాయర్ని. ముందు ఒక అపోహ తీసేద్దాం. ఇది ప్రాణం తీయమని అడిగే కాగితం కాదు, ఇంజెక్షన్ ఇచ్చి చంపడం ఇప్పటికీ నేరమే. బాగయ్యే ఆశ లేనప్పుడు యంత్రాలతో లాక్కురావద్దని మాత్రమే. 2018లో మెజిస్ట్రేట్ సంతకం కావాలన్నారు. దానికోసం కోర్టు మెట్లెక్కేదెవరు? 2023 జనవరిలో సడలించారు. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఉంటే చాలు. మనసు మారితే రద్దు చేసుకోవచ్చు. పలమనేరు దాటితే వచ్చే కర్ణాటకలో 2025 జనవరిలో దీని అమలుకు ప్రభుత్వమే సర్క్యులర్ ఇచ్చింది.

తోతాపురి:
మీ చట్టం బాగానే ఉంది సార్. మా ఊళ్లో మామిడి తోట ఉన్న ముసలాయనతో బిడ్డలు వేలిముద్ర వేయించుకుంటే అడిగేదెవరు? ఇంకో సంగతి. మా అవ్వ కూడా “నాకేం వద్దు, ఇంటికి తీసుకుపోండి” అనింది. బిల్లు కట్టడానికి మా అమ్మ గాజులు తీసిన రోజు సాయంత్రం అనింది. దాన్ని ఇష్టం అంటారా?

చిత్తూరు బార్:
వేలిముద్ర ఒక్కదానితో పని జరగదు. వైద్యం చేసే డాక్టరు, ఇంకో ఇద్దరు నిపుణులు ఒక బోర్డుగా చూడాలి. ఆ పైన రెండో బోర్డు, అందులో జిల్లా వైద్యాధికారి పంపిన డాక్టరు ఉంటారు. గాజుల సంగతికి మాత్రం నా దగ్గర సెక్షన్ లేదు.

పీలేరు వాసి:
తోతాపురి గారి మాట చదివాక నిద్ర పట్టలేదు. నాయనను నేరుగా అడిగేశా, డబ్బు గురించేనా అని. “డబ్బు కాదురా. గొట్టం పీక్కుంటాడని ఆ మనిషి చేతులు రెండూ గుడ్డతో మంచానికి కట్టేసినారు. నీళ్లకోసం వేళ్లు ఆడించినాడు, ఎవరికీ అర్థం కాలేదు” అన్నాడు.

సోమవారం నోటరీ దగ్గరికి పోతున్నాం. ఒక సాక్షి దొరికాడు, ఇంకొకరు కావాలి. తమ్ముడికి చెబితే “నాయన్ను నువ్వే పంపించేస్తావా” అని ఫోన్ పెట్టేశాడు.