తాతగారి జపాను కత్తి: సంరక్షణ, ఇంకొకటి తెప్పించుకోవడం గురించి సలహా కావాలి

బెజవాడ పాఠకుడు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము విజయవాడలో ఉంటాము; మా పెద్దల ఇల్లు తెనాలి దగ్గర ఒక పల్లెలో ఉంది. మా తాతగారు రెండో ప్రపంచయుద్ధ కాలంలో మద్రాస్ సాపర్స్ అనే సైనిక ఇంజనీర్ల దళంలో చేరి బర్మాలో పనిచేశారు. 1945లో లొంగిపోయిన జపాను అధికారులు అప్పగించిన కత్తుల్లో ఒకదాన్ని ఆయన పైఅధికారి ఆయనకు ఇచ్చారట. పాత ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు అది నా చేతికి వచ్చింది.

అలుగు కొద్దిగా వంపు తిరిగి, సుమారు 62 సెంటీమీటర్లు ఉంటుంది. పిడి మీద గరుకైన తెల్లని చేప చర్మం, దాని పైన గుడ్డ పట్టీ అల్లిక ఉన్నాయి. లోహపు బిళ్లల మీద చెర్రీ పువ్వులు చెక్కారు. చెక్క ఒరకు తోలు తొడుగు కుట్టి ఉంది గాని, అది చాలావరకు చినిగిపోయింది. మొన దగ్గర ఎర్రని తుప్పు మచ్చలు కనబడుతున్నాయి. వాదర పొడవునా తెల్లని అలవంటి గీత ఒకటి మసకగా తెలుస్తుంది.

మా మేనమామగారు దీన్ని ఆటోనగర్‌లో బఫింగు చేయించి హాల్లో అద్దాల బీరువాలో పెట్టమంటున్నారు. నాయనమ్మగారు దసరాకు ఆయుధపూజలో ఉంచాలని కోరుతున్నారు. ఈ రెంటిలో ఏది చేసినా కత్తికి హాని జరుగుతుందా? దీన్ని చూశాక నాకు ఈ విద్య మీద గట్టి ఆసక్తి కలిగింది. జపానులోని ఒక వర్తకుని దగ్గర పత్రాలతో సహా ఉన్న పాత వాకిజాషి (పొట్టి జపాను కత్తి) ఒకటి కొనాలనుకుంటున్నాను. దాన్ని మన దేశానికి చట్టబద్ధంగా తెప్పించుకోవడం సాధ్యమేనా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

గుంటూరు సేకర్త

అన్నిటికన్నా ముందు ఒక్క మాట: ఆ కత్తిని బఫింగుకు పంపకండి. చక్రం మీద పెట్టిన అలుగు అద్దంలా మెరుస్తుంది గాని, అది ఎప్పటిదో, ఎవరి పనో గుర్తించడానికి పనికివచ్చే ఆనవాళ్లు ఆ మెరుపుతోనే అరిగిపోతాయి. జపాను కమ్మరి అలుగు మీద మట్టిని వెన్ను వైపు మందంగా, వాదర వైపు పలచగా పూసి, కొలిమిలో కాల్చి నీటిలో ముంచుతాడు. పలచని పూత ఉన్న వాదర చప్పున చల్లారి ఎంతో గట్టిపడుతుంది. వెన్ను నెమ్మదిగా చల్లారి, దెబ్బకు విరగకుండా ఓర్చుకునే గుణాన్ని నిలుపుకుంటుంది. ఆ రెంటికీ నడుమ ఏర్పడిన హద్దే మీకు మసకగా కనబడిన అల. దాన్ని హమోన్ అంటారు. బఫింగు చక్రం పుట్టించే వేడికి వాదర గట్టిదనం తగ్గవచ్చు, అలుగు మీది పదునైన అంచులు గుండ్రబడతాయి, హమోన్ కనుమరుగవుతుంది. జపానులో ఈ పని చేసేవారు ఏళ్ల తరబడి గురువు దగ్గర నేర్చుకుని, ఒకదానికన్నా ఒకటి నునుపైన రాళ్ల మీద చేతితో సాన పడతారు. అలా పట్టినా కొంత లోహం పోక తప్పదు. అందువల్ల ఒక అలుగు తన జీవితకాలంలో కొన్ని సానలను మాత్రమే భరించగలదు.

మీరు వర్ణించిన పిడి, పూల బిళ్లలు 1930ల మధ్య నుంచి వాడిన జపాను సైన్యపు అధికారుల కత్తి అలంకరణకు సరిపోతాయి. అయితే అలంకరణ యుద్ధకాలంది అయినంత మాత్రాన అలుగు కూడా అప్పటిదే కానక్కరలేదు. చాలామంది అధికారులు తమ ఇంట్లో తరతరాలుగా ఉన్న అలుగును సైనిక పిడిలో బిగించి యుద్ధానికి తీసుకువెళ్లారు. కర్మాగారాల్లో పాత పద్ధతులు పాటించకుండా చేసిన అలుగులూ అదే రకం పిడిలో ఉంటాయి. ఏది ఏదో తేల్చేది పిడిలోకి దిగి ఉండే భాగం. దీన్ని నకాగో అంటారు.

పిడికి అడ్డంగా చిన్న వెదురు మేకు ఉంటుంది. కొన్ని సైనిక కత్తులకు అది రెండుచోట్ల ఉంటుంది, కొన్నింటికి దాని బదులు మరమేకు ఉంటుంది. దాన్ని సన్నని చెక్క పుల్లతోనో ఇత్తడి కడ్డీతోనో నెమ్మదిగా బయటికి నెట్టండి. తరువాత ఎడమ చేత్తో పిడి చివర పట్టుకుని, వాదర మీకు ఎదురుగా లేకుండా అలుగును కొద్దిగా పక్కకు వాల్చి నిలబెట్టి, కుడి పిడికిలితో ఎడమ మణికట్టు మీద మెల్లగా తట్టితే అలుగు వదులవుతుంది. వదలకపోతే బలవంతం చేయకండి. వచ్చిన పక్షంలో ఫొటోలు తీసుకుని మళ్లీ బిగించండి. అక్కడ ఉండే నల్లని తుప్పును ఎట్టి పరిస్థితిలోనూ గీకకూడదు, తుడవకూడదు. ఆ తుప్పు రంగు, మందం, కింది గీతల తీరు చూసే నిపుణులు వయసు అంచనా వేస్తారు. ఆ తుప్పు పోగొట్టిన కత్తికి సేకర్తల దృష్టిలో విలువ బాగా తగ్గిపోతుంది. చిన్న అధికారిక ముద్రలేవైనా ఉంటే యుద్ధకాలపు పని అనుకోవచ్చు. కమ్మరి సంతకం ఉన్నా అది ఒక్కటే చాలదు, ఎందుకంటే పేరున్న కమ్మరుల సంతకాలను నకలు చేసిన కత్తులు లెక్కకు మించి ఉన్నాయి.

రోజువారీ సంరక్షణ కష్టమేమీ కాదు. అలుగును వట్టి చేతితో తాకకండి. వేలిముద్రలోని చెమట, ఉప్పు కొద్ది రోజుల్లోనే మచ్చగా మారతాయి. మెత్తని శుభ్రమైన గుడ్డతో వెన్ను వైపు నుంచి పట్టుకుని, మొన వైపుకే తుడిచి పాత నూనె తీసివేయండి. ఆ తరువాత కంటికి కనబడీ కనబడనంత పలచగా కొత్త నూనె పట్టించండి. జపానులో లవంగపు వాసన ఉన్న తేలికపాటి నూనె వాడతారు. మన ఊళ్లో దొరికే శుద్ధమైన కుట్టుమిషను నూనె ఆ పనికి చాలు. కొబ్బరి నూనె, నువ్వుల నూనె మాత్రం వద్దు, అవి కొంతకాలానికి జిగురుగా మారతాయి. మొన దగ్గరి ఎర్రని తుప్పు మీద కూడా నూనె పట్టించి వదిలేయండి. గరుకు కాగితంతోనో, ఇత్తడి పాత్రలు తోమే ద్రావణంతోనో రుద్దకండి.

కృష్ణా తీరపు ఉక్కపోతలో, ముఖ్యంగా వానాకాలంలో, నెలకొకసారి చూసుకోవడం మంచిది. ఏసీ వేసి ఆపే గదిలో లోహం మీద తేమ చేరుతుంది కనుక అద్దాల బీరువాకన్నా చీకటిగా, ఉష్ణోగ్రత నిలకడగా ఉండే అలమరా మేలు. సిలికా జెల్ పొట్లాలు మితంగా పెట్టవచ్చు. అతిగా పెడితే ఒర చెక్క బిగుసుకుపోయి పగులుతుంది. కత్తిని అడ్డంగా, వాదర పైకి ఉండేట్లు పెట్టండి. తోలు తొడుగు తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి దాన్ని విడిగా భద్రపరచండి.

నాయనమ్మగారి కోరికను కాదనవలసిన పని లేదు. కత్తిని ఒరలోనే ఉంచి, పట్టుగుడ్డలో చుట్టి అమ్మవారి ముందు పెట్టి, బొట్టు ఆ గుడ్డకు పెట్టండి. అలుగుకు పసుపు, కుంకుమ పూయడం, దానితో నిమ్మకాయ కోయడం, గుమ్మడికాయ కొట్టడం మాత్రం వద్దు. నిమ్మపులుసు ఉక్కును కొద్దిసేపట్లోనే కాటేస్తుంది.

ఒక న్యాయవాది

దిగుమతి విషయం నేను చెబుతాను. 2016 ఆయుధాల నియమాల ప్రకారం 9 అంగుళాలకు మించిన పొడవో, 2 అంగుళాలకు మించిన వెడల్పో ఉన్న అలుగు గల కత్తులు తుపాకులు కాని ఆయుధాల వర్గంలోకి వస్తాయి. ఇలాంటి ఆయుధాలు దగ్గర ఉంచుకోవడానికి 1959 ఆయుధాల చట్టం 4వ సెక్షన్ కింద లైసెన్సు అవసరమయ్యేది ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లోనే. మీ ఇల్లు విజయవాడలో, పాత ఇల్లు వేరే జిల్లాలో ఉన్నాయి కనుక, రెండు చోట్లా ఆయుధ లైసెన్సుల అధికారికి లిఖితపూర్వకంగా రాసి, వచ్చిన జవాబును కత్తితో పాటు దాచుకోండి. తాతగారి సైనిక సేవా పత్రాల నకళ్లు కూడా అందులోనే పెట్టండి.

దేశంలోకి తేవడం 10వ సెక్షన్ కిందికి వస్తుంది. మామూలుగా దానికి లైసెన్సు కావాలి. చట్టప్రకారం ఆ ఆయుధం ఉంచుకోవడానికి నిషేధం లేని వ్యక్తి తన సొంత వినియోగానికి తగు మోతాదులో తెచ్చుకోవచ్చనే మినహాయింపు అందులోనే ఉంది. అయితే ఆ మినహాయింపు మీకు వర్తిస్తుందో లేదోనని కస్టమ్స్ కమిషనర్‌కు సందేహం కలిగితే, కేంద్ర ప్రభుత్వ ఆదేశాలు వచ్చేవరకు ఆయన ఆ వస్తువును నిలిపి ఉంచవచ్చు. అందువల్ల సరుకు బయలుదేరాక కాగితాలు వెతుక్కోవడం కాదు, డబ్బు కట్టకముందే కస్టమ్స్ బ్రోకరుతో మాట్లాడి, విదేశీ వాణిజ్య విధానంలో ఆ నాటికి ఉన్న షరతులు చూసుకుని, రాతపూర్వకంగా స్పష్టత తీసుకోవాలి. సుంకం పట్టికలో కత్తులు 9307 శీర్షిక కింద, నూరేళ్లు దాటిన పురాతన వస్తువులు 9706 కింద ఉంటాయి. కత్తి నూరేళ్లు దాటిందని చూపవలసిన బాధ్యత మీదే. వర్తకుని మాట అందుకు చాలదు.

జపాను వైపు పద్ధతి స్పష్టంగా ఉంటుంది. అక్కడ ప్రతి కత్తికీ ఆ ప్రాంతపు విద్యామండలి ఇచ్చిన నమోదు పత్రం ఉండాలి. దేశం దాటించడానికి సాంస్కృతిక వ్యవహారాల సంస్థ అనుమతి తీసుకుని, నమోదు పత్రాన్ని తిరిగి అప్పగించాలి. జాతీయ సంపదగానో ముఖ్య సాంస్కృతిక ఆస్తిగానో గుర్తించిన వాటిని బయటికి పంపరు. 1948లో ఏర్పడిన జపాను కళాఖడ్గ పరిరక్షణ సంఘం ఇచ్చే ధ్రువపత్రం ఉన్న కత్తినే తీసుకోండి.

ఇంకొక విషయం చాలామంది గమనించరు. 1972 పురావస్తువులు, కళాసంపదల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం బయటికి పంపకూడదు. ఆ వస్తువు భారతదేశంలోనే తయారై ఉండాలని ఆ చట్టంలోని పురావస్తువు నిర్వచనంలో లేదు. ఈ రోజు తెప్పించుకున్న పాత కత్తిని రేపు సాన కోసం జపాను పంపాలంటే ఈ చట్టం అడ్డువస్తుంది. అందుచేత సాన అవసరమైన కత్తిని చవకగా కొనడంకన్నా, సాన పూర్తయి మంచి స్థితిలో ఉన్నదాన్ని ఎక్కువ ధరకు కొనడమే వివేకం.

బెజవాడ పాఠకుడు

ఇద్దరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. గుంటూరు సేకర్తగారు చెప్పినట్లే జాగ్రత్తగా పిడి విప్పాను. లోపలి భాగం ముదురు గోధుమ రంగులో ఉంది. సంతకం గాని ముద్రలు గాని లేవు. రంధ్రాలు మాత్రం రెండున్నాయి, చివర అడ్డంగా కోసినట్లుంది. ఫొటోలు తీసి వెంటనే బిగించేశాను. దీన్నిబట్టి ఏమనుకోవాలి?

గుంటూరు సేకర్త

పాత కాలపు పొడవైన కత్తులను తరువాతి తరాలు పిడి వైపు కోసి పొట్టి చేసుకోవడం మామూలే. అలా కోసినప్పుడు సంతకం పోతుంది, పాత రంధ్రం మిగులుతుంది, కొత్తది తొలుస్తారు. మీరు చెప్పిన లక్షణాలు దానికి సరిపోతున్నాయి, కనుక మీ చేతిలో ఉన్నది యుద్ధానికి ఎంతో ముందటి అలుగు అయ్యే అవకాశం ఉంది. అయితే సైనిక పిడిలో బిగించడానికి రెండో రంధ్రం తొలిచిన సందర్భాలు కూడా ఉన్నాయి కాబట్టి ఇప్పుడే తీర్మానించకండి. పగటి వెలుతురులో నకాగో రెండు వైపులా, మొన, హమోన్ విడివిడిగా ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి. వాదరకు అడ్డంగా వెంట్రుకవంటి పగులు ఎక్కడైనా ఉందేమో భూతద్దంతో చూడండి, ఎందుకంటే ఆ ఒక్క లోపం సానతో పోదు. కొనబోయే వాకిజాషి విషయంలోనూ వర్తకుణ్ని ఇదే ముందుగా అడగండి. వీలైతే కొనేముందు హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలోని జపాను కత్తులను చూసి రండి. మంచి పని ఎలా ఉంటుందో ఫొటోలకన్నా కంటితో చూస్తేనే తెలుస్తుంది.